రేటు ఒక్కటే రాస్తే చాలదు, రాబడి కూడా రాయండి

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ విజయనగరం జిల్లా ఎడిషన్‌లో రోజూ వేసే కూరగాయల ధరల పట్టికను రైతులు, కొట్ల వాళ్లు, హోటళ్ల వాళ్లు, ఇంటి అవసరానికి కొనుక్కునేవాళ్లు అందరూ చూస్తారు. ఎవరికీ అది పూర్తిగా అక్కరకు రావడం లేదు. ధర ఉంటుంది గానీ రాబడి, అంటే ఆ రోజు మార్కెట్‌కు ఎంత సరుకు వచ్చిందో, ఉండదు. 'టమాటా కిలో రూ.24' అని ఉంటుంది. అది తెల్లవారుజామున వేలం పాటలో పలికిన ధరా? ఎనిమిది దాటాక మిగిలిన సరుకు వదిలించుకున్న ధరా? రైతుబజారు బోర్డు మీద ధరా? వీధిలో తోపుడు బండి వాడి ధరా? ఒకే ఊళ్లో ఒకే రోజు ఈ నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో ధర కట్టే పద్ధతే టోకు మీద పాతిక శాతం ఎక్కువ, బయటి చిల్లర కన్నా పాతిక శాతం తక్కువ అన్న లెక్క మీద నడుస్తుంది. అంటే బజారు బోర్డు చూసి టోకు ధర ఇంత అనుకున్న రైతు మొదటి అడుగులోనే తప్పుదారి పట్టినట్టు.

ముందు తూకం సంగతి. కోలారు యార్డులో టమాటా ధర 15 కిలోల పెట్టెకు చెబుతారు, మదనపల్లిలో కిలో లెక్కన చెబుతారు, మన దగ్గర క్రేటు లెక్క. టీవీలో కోలారు పెట్టె 1,500 రూపాయలని వస్తే అది కిలో వంద. మన క్రేటు అలవాటుతో 25 కిలోలకు భాగించుకున్న వాడికి అరవై అనిపిస్తుంది. అసలు మన క్రేటు కూడా 25 కిలోలేనా అంటే కాదు. అంచుకు సమంగా పోస్తే 25, పైకి కుప్పగా పోస్తే 27, 28 కూడా పడుతుంది. ఆ పై రెండు మూడు కిలోలూ 'తరుగు' పేరుతో లెక్కలోకి రావు. కొబ్బరికాయలు వెయ్యి లెక్క, అరటి గెల లెక్క, నిమ్మ బస్తా లెక్క. చక్కెరకేళి గెలా కర్పూర గెలా ఒక బరువు తూగవు. కాబట్టి 'గెల రూ.300' అన్న వార్తలో రకం పేరు లేకపోతే దాంట్లో సమాచారమే లేదు.

ఆకుకూరల దగ్గర ఇంకో తమాషా ఉంది. వానాకాలంలో తోటకూర కట్ట ధర మారదు, కట్టే సన్నబడుతుంది. వేసవిలో పది రూపాయల కట్టలో ఎంత ఆకు ఉండేదో, ఆగస్టులో అదే పది రూపాయల కట్టలో అందులో సగం ఉంటుంది. మీ పట్టికలో మాత్రం మూడు నెలలూ 'కట్ట రూ.10' అనే ఉంటుంది. అక్కడ ధర రెట్టింపైన సంగతి వంట చేసేవాళ్లకు తెలుసు, పత్రికకు తెలియదు.

తూకం తర్వాత రకం. టమాటాలో పచ్చి, దోర, పండు అని మూడు దశలు. దోరకాయ వారం దాకా ఆగుతుంది, ఎర్రగా పండింది ఎండల్లో రెండో రోజు దాటదు. ఒడిశా వైపు లోడు కట్టేవాళ్లకు దోరకాయ కావాలి, ఊళ్లో కొట్ల వాళ్లకు పండు కావాలి. ఒడిశా లారీ రాని రోజున దోరకాయ రేటు పడిపోయి పండు రేటుకు దిగుతుంది. రెండు రోజులు వరసగా వాన పడి కోత ఆగితే, మూడో రోజు తోటలోని కాయ అంతా ఒకేసారి పండిపోయి మార్కెట్‌కు వస్తుంది. అప్పుడు రాబడి ఎక్కువ, ఆగే శక్తి తక్కువ. వాన తెరిపిచ్చిన మర్నాడు ధర ఎందుకు కూలుతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇక ధర ఎలా రాయాలో చూద్దాం. కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్ పట్టికలో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలుంటాయి. ఎక్కువ సరుకు ఏ రేటు దగ్గర అమ్ముడైందో అదే మోడల్ ధర. ఉదాహరణకు ఒక టోకు కొట్లో వంద క్రేట్లు దిగాయనుకోండి. ఎనిమిది క్రేట్లు 700కు పోయాయి, డెబ్భై క్రేట్లు 480కి పోయాయి, చిన్న కాయ ఇరవై రెండు క్రేట్లు 300కు పోయాయి. ఫోన్ చేసిన విలేకరికి కొట్టులో వాళ్లు చెప్పేది ఆ ఎనిమిది క్రేట్ల ధరే, అంటే కిలో 28. డెబ్భై క్రేట్ల వాళ్లకు దక్కింది కిలోకు 19 చిల్లర. మర్నాడు 28 అని పేపర్లో చూసిన రైతు రెండు రోజులు ఆగాల్సిన కాయ కూడా కోసి తెస్తాడు. ఆ పచ్చికాయ 300 వరసలో పడుతుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు, నష్టం మాత్రం జరిగింది.

రాబడి లేకుండా ధర చెప్పడంలో ఇంకో లోపం ఉంది. రామభద్రపురం మార్కెట్‌నే తీసుకోండి. విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది కాబట్టి అక్కడి ధరను మన ఊళ్ల అవసరం కన్నా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వ్యాపారులు ఎక్కువగా నిర్ణయిస్తారు. ఘాట్‌లో రాకపోకలు ఆగినా, అటువైపు పండగ సెలవులొచ్చినా, ఇక్కడ పొలంలో ఒక్క కాయ పెరగకుండానే ధర సగానికి వస్తుంది. వానాకాలంలో సెమిలిగుడ, పొట్టంగి వైపు నుంచి క్యాబేజీ, కాలీఫ్లవర్ అదే దారిన కిందికి దిగుతాయి. 'బయటి కొనుగోలుదారులు వచ్చారు, రాలేదు' అన్న ఒక్క ముక్క రాస్తే రైతుకు మర్నాడు కోయాలా ఆగాలా అన్నది తేలుతుంది.

ఏడాది పొడవునా ధరలు నడిచే తీరు తెలిసినదే అయినా, ప్రతి ఏడూ 'ధరల మంట', 'ధరల పతనం' అని రెండే శీర్షికలు చూస్తుంటాం. మేలో పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే టమాటా పూత రాలిపోతుంది. నెలన్నర తర్వాత, జూన్ చివరికి, ఆ రాలిన పూత ధరలో కనబడుతుంది. జూన్, జూలై, ఆగస్టుల్లో మనం తినేది ఎక్కువగా మదనపల్లి, కోలారు కాయ. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా లారీ కిరాయి, దారిలో నలిగిన కాయ నష్టం అందులోనే ఉంటాయి. అక్కడ తెగులు తగిలినా వాన కొట్టినా మనకు ఆధారం లేదు. 2023 జూలై, ఆగస్టుల్లో జరిగింది అదే. కిలో వంద దాటితే ప్రభుత్వమే కొని రైతుబజార్లలో 50కి అమ్మింది. ఆ ధర చూసి జూలైలో నాటిన తోటలన్నీ ఒకేసారి కాపుకొచ్చాయి. సెప్టెంబరుకల్లా రాష్ట్రంలో రైతులు టమాటా రోడ్డు మీద పారబోశారు.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు అసలు గండం దసరాకు ముందూ వెనకా వచ్చే తుపాన్లు. పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న వచ్చాయి. ఏడాదులు వేరైనా తేదీలు చూస్తే నాలుగూ మూడు వారాల వ్యవధిలోనే. సరిగ్గా అప్పుడే బీర, కాకర, దొండ, ఆనప పందిళ్లు కాపు మీద ఉంటాయి. ఆ వెంటనే కార్తీక మాసం. నీసు మానేసే ఇళ్లు ఎక్కువ, ఉల్లి కూడా ముట్టని వాళ్లుంటారు. దాంతో కంద, అరటికాయ, ఆనపకాయ, బీరకాయల మీద గిరాకీ పడుతుంది. సరుకు తగ్గిన నెలలోనే వాడకం పెరుగుతుందన్న మాట. మరి తుపాను తర్వాత ధర ఎప్పుడు దిగుతుంది? పంటను బట్టి లెక్క కట్టొచ్చు. ఆకుకూర విత్తిన 25, 30 రోజులకు కోతకొస్తుంది, కాబట్టి నెలలో ధర దిగుతుంది. బెండ, బీర మళ్లీ విత్తితే 45, 50 రోజులు. పందిరి కూడా మళ్లీ వేయాలంటే రెండు నెలలు. నారు పోసి నాటాల్సిన వంగ, టమాటాలకు మూడు నెలలు. అరటికి ఏడాది. ఉద్దానంలో తిత్లీకి పడిపోయిన కొబ్బరికి ఏళ్లు పడుతుంది. తుపాను మర్నాడు 'ధరలు ఆకాశంలో' అని రాసే బదులు ఈ వరస రాస్తే, హోటల్ వాడు నెలకు సరుకు మాట్లాడుకోగలడు, రైతు ఏ విత్తనం ముందు వేయాలో చూసుకోగలడు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కథ తిరగబడుతుంది. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్ల నుంచీ, మెట్ట మండలాల బోర్ల కింద నుంచీ టమాటా, వంకాయ, చిక్కుడు, ముల్లంగి, క్యాబేజీ ఒకేసారి దిగుతాయి. చిక్కుడుకు పగలు పొట్టిబడితేనే పూత, కాబట్టి ఎప్పుడు విత్తినా సంప్రదాయ రకాలు ఒకే కాలంలో కాస్తాయి. వాటి ధర కూలడంలో ఆశ్చర్యం లేదు. భోగికి ముందు నాలుగు రోజులు గుమ్మడి, చిలగడదుంప, చిక్కుడు ఎగిరి, కనుమ దాటాక చప్పబడతాయి. అదే చలిలో ములక్కాడ, బెండకాయ మాత్రం ప్రియం. చలికి మునగ పూత నిలవదు, బెండకు ఎదుగుదల ఉండదు. ఫిబ్రవరి చివర నుంచి ములక్కాడ వరదలా వస్తుంది. డిసెంబరు ధర చూసి మునగ వేసినవాళ్లు మార్చి ధరకు అమ్ముకోవాల్సి వస్తుంది. బెండ, బరబాటీ, గోరుచిక్కుడు వేసవి బోర్ల కింద బాగా వస్తాయి, ధర పెద్దగా ఊగదు.

ఉల్లి, బంగాళాదుంపలకు స్థానిక మార్కెట్‌లో ఆరా తీయడం దండగ. రబీ ఉల్లి నిల్వ సెప్టెంబరు, అక్టోబరు దాకా లాగుతుంది. ఆ తర్వాత కర్నూలు, మహారాష్ట్ర ఖరీఫ్ ఉల్లి వానకు తడిసిందా లేదా అన్నదే ప్రశ్న. దుంపలు జనవరి నుంచి మార్చి దాకా తవ్వి శీతల గిడ్డంగుల్లో పెడతారు, జూలై తర్వాత వాటి ధరలు క్రమంగా పెరుగుతాయి. 2024లో బెంగాల్ ప్రభుత్వం బయటి రాష్ట్రాలకు దుంపలు పంపడం మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఆ సెగ ఒడిశాకు బాగా తగిలింది. ఆ సరిహద్దులో ఉన్న మన ఇచ్ఛాపురం, సోంపేట కొట్ల వాళ్లకు అలాంటి వార్త జిల్లా పేజీలో ఉండాలి, ఢిల్లీ పేజీలో కాదు.

పనస గురించి రెండు మాటలు. కవిటి, కంచిలి ప్రాంతాల పనసకు రెండు మార్కెట్లు. లేతకాయ కూరకు, ముదిరిన కాయ పండుకు. లేతకాయ ఒడిశా, బెంగాల్, బీహార్ వైపు లారీల్లో పోతుంది. ఈ రెంటి ధరనూ ఒకే గడిలో వేస్తే చెట్టు మీద కాయ ఉంచాలా దించాలా అని ఆలోచించే రైతుకు అడ్డమే గానీ సాయం కాదు.

మామిడికి మాత్రం పట్టికలో ప్రత్యేక స్థలం కావాలి. విజయనగరం వైపు సువర్ణరేఖ, అంటే సుందరి, ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. బంగినపల్లి మేలో ముమ్మరం. జూన్ వచ్చేసరికి బెంగాల్, బీహార్, ఉత్తరప్రదేశ్ కాయలు దిగి ఉత్తరాది మార్కెట్లలో మన కాయకు చోటు తగ్గుతుంది. అంటే మంచి ధర దొరికేది ఆరేడు వారాలే. అందుకే మొదటి లారీల కోసం తొందర. సువర్ణరేఖకు బుగ్గ మీద ఎరుపు సహజంగానే ముందే వస్తుంది. దాన్ని చూసి ముదిరిందనుకుని లేతకాయ దించేస్తారు. ముదురును రంగులో కాదు, భుజంలో చూడాలి. తొడిమ పక్కన భుజాలు నిండి పైకి లేవాలి, నీళ్లలో వేస్తే కాయ మునగాలి. తేలితే ఇంకా ఆగాలి. సెంటీమీటరు తొడిమ ఉంచి కోయాలి, లేకపోతే సొన కారి తొక్క మాడి, పండేసరికి నల్ల మచ్చ పడుతుంది. లేతకాయ లారీ దూరం వెళ్లాక ముడతలు పడి కనబడితే, అక్కడ కొన్న వ్యాపారి తర్వాతి వారం ఈ జిల్లా కాయ మొత్తానికీ ధర కోస్తాడు. ఒకరి తొందరకు పక్క తోట వాళ్లు కట్టే జరిమానా అది.

మాగబెట్టడం గురించి కూడా ప్రతి మేలో సగం సగం వార్తలు వస్తాయి. కార్బైడ్‌తో పళ్లు మాగబెట్టడం ఆహార భద్రత నిబంధనల కింద నిషేధం. ఇథిలిన్ వాయువు పది లక్షల పాళ్లలో వంద పాళ్ల వరకు అనుమతి. ఈ తేడా రాయకుండా 'రసాయనాలతో పండిన మామిడి' అని శీర్షిక పెడితే, ఖర్చు పెట్టి ఇథిలిన్ గది కట్టుకున్న వ్యాపారి, కార్బైడ్ పొట్లం దాచుకున్న వ్యాపారి ఒకే గాటన పడతారు. ధర అందరికీ పడుతుంది, కార్బైడ్ మాత్రం పోదు.

ధర పెరగగానే దళారీని తిట్టడం తేలిక. తిట్టాల్సినవాళ్లు లేరని కాదు. లెక్క మాత్రం పూర్తిగా వేయాలి. క్రేటు 500 పలికిందనుకోండి. నూటికి పది కమీషన్ వసూలు చేసే చోట 50 పోతుంది, ఆటో 30, హమాలీ 10. మిగిలేది 410. రైతు నింపింది 27 కిలోలు కాబట్టి కిలోకు 15 రూపాయల చిల్లర. కోత కూలి తీస్తే పద్నాలుగు లోపు. అదే క్రేటు కొన్న చిల్లర వ్యాపారికి మోత, రవాణా కలిపి 525 అవుతుంది. లెక్కకు వచ్చే 25 కిలోల్లో మూడు కిలోలు నలిగో కుళ్లో పోతే అమ్మకానికి మిగిలేది 22 కిలోలు, అసలు కిలో 24 రూపాయలకు దగ్గర. ముప్పైకి అమ్మితే క్రేటు మీద 135 మిగులుతుంది, చోటు అద్దె అందులోంచే. పక్క మండలం సరుకు కాబట్టి రైతుకు ఈ మాత్రం వాటా. దూరం పెరిగితే తగ్గుతుంది. వినియోగదారుడు పెట్టే ప్రతి వంద రూపాయల్లో రైతుకు చేరేది టమాటాలో 33, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37, అరటిలో 31, మామిడిలో 43 అని 2024 అక్టోబరులో రిజర్వు బ్యాంకు వెలువరించిన అధ్యయనాలు లెక్క కట్టాయి. కోత తర్వాత నష్టం మీద 2015లో వచ్చిన సిఫెట్ (పంట కోత తర్వాతి పనుల మీద పరిశోధించే కేంద్ర సంస్థ) అధ్యయనంలో టమాటా 12.44 శాతం, జామ 15.88 శాతం. ఈ నష్టం తగ్గకుండా కమీషన్ ఒక్కటే తగ్గిస్తే ధర దిగదు. కాయను గోనె సంచిలో కాక క్రేటులో తేవడం, ఎండెక్కక ముందే కోసి నీడన ఆరబెట్టడం, తడికాయ క్రేటులో పోయకపోవడం ఖర్చులేని పనులు. తెల్లారేసరికి కుళ్లు కనిపించే క్రేట్లలో ఎక్కువ భాగం తడిగా నింపినవే.

ముందస్తు కబురు కోసం అంచనా నిపుణులెవరూ అక్కర్లేదు, నర్సరీల వాళ్లను అడిగితే చాలు. ఎకరానికి టమాటా నారు ఎనిమిది నుంచి పది వేల మొక్కలు పడుతుంది. నాటిన 60, 65 రోజులకు తొలి కోత, అక్కడి నుంచి ఆరేడు వారాలు కాపు. ఈ నెల ఏ మండలానికి ఎంత నారు పోయిందో తెలిస్తే రెండు నెలల తర్వాత రాబడి ఎంతో చూచాయగా తేలుతుంది. రైతుసేవా కేంద్రాల్లో ఈ-పంట నమోదు, అంటే ఎవరు ఏ పంట ఎంత వేశారో రాసే లెక్క, ఉండనే ఉంది. కూరగాయల విస్తీర్ణాన్ని పదిహేను రోజులకోసారి మండలాల వారీగా ఉద్యానశాఖ బయటపెడితే, మీరు అచ్చు వేస్తే, 'పక్కవాడు ఎంత వేశాడో' తెలియక అందరూ ఒకటే వేయడం కొంత తగ్గుతుంది. నమోదు ఆలస్యమైతే మాత్రం పనికిరాదు. కాపు వచ్చాక తెలిసే విస్తీర్ణం పరిహారం కాగితాలకే.

కాబట్టి మనవి ఇది. ఇరవై ఐదు రకాల ధరలు వేయడం మానేసి పన్నెండు రకాలు వేయండి. ప్రతిదానికీ ఐదు గడులు ఉంచండి: ఎక్కడి సరుకు, తూకం ఎంత, రాబడి నిన్నటి కన్నా ఎక్కువా తక్కువా, కనిష్ఠ గరిష్ఠ ధరలు, ఎక్కువ సరుకు పోయిన ధర. ఆరున్నర లోపు రామభద్రపురం, విజయనగరం, శ్రీకాకుళం మార్కెట్లలో ఒక్కోచోట కనీసం మూడు కొట్లను అడగండి. ఒక కొట్టు చెప్పిన ధర ఆ కొట్టు ధరే. మామిడికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 15 దాకా రకం, సైజు వారీగా టన్ను ధర వేయండి. రైతుబజారు ధర వేరే పెట్టెలో, 'చిల్లర' అని పైన రాసి వేయండి. ఆదివారం ఒక్క రోజు ఆ వారం మోడల్ ధరను గత ఏడాది అదే వారంతో పక్కపక్కన పెట్టండి. చోటు చాలకపోతే బంగారం ధర గడి కొంచెం కుదించండి, దాన్ని రోజూ చూసి కొనేవాళ్లు మన దగ్గర తక్కువ.

ఇట్లు,
కూరగాయల టోకు వ్యాపారంలో ఉన్న పాఠకులు,
గజపతినగరం, విజయనగరం జిల్లా